పై పన్ను, ఎడమ కన్ను

కొర్లమ్మ ఇంట్లో పళ్ళు రెండు రకాలు. కింది పళ్ళు మనిషివి, పై పళ్ళు కళ్ళవి. కింది పన్ను పుచ్చితే పీకించుకోవచ్చు, పారేసుకోవచ్చు, పొరపాటున మింగేసినా ఎవరూ అడగరు. పై పన్ను జోలికి మాత్రం పోకూడదు. దాని నరం తిన్నగా కంట్లోకి వెళ్తుంది కనక, పన్ను ఊడిన మర్నాటినుంచీ చూపు మందగించి, ఏడాది తిరిగేసరికి మనిషి గోడ పట్టుకుని నడవాల్సొస్తుంది. ఇదీ ఆ ఇంటి చట్టం. చట్టానికి సాక్ష్యం కూడా ఉంది. సాక్ష్యం పేరు పరదేశి. కశింకోటలో ఉంటాడు.

పరదేశి కొర్లమ్మకి సొంత తమ్ముడు. ఒకప్పుడు చెరుకు తోటలో నిలబడి, దూరంగా గట్టుమీద వస్తున్నది ఎవరి గేదో చెప్పగలిగిన మనిషి. అలాంటివాడు ఓ పై పన్ను పీకించుకున్నాడు. తరవాత కొన్నేళ్ళకి కళ్ళముందు మసక మొదలైంది. ఇప్పుడు మనుషుల్ని గొంతుబట్టి పోల్చుకుంటున్నాడు. మధ్యలో ఆయనకి అరవై దాటడం, మిగిలిన పళ్ళు కూడా వాటంతటవే రాలిపోవడం లాంటివి జరిగాయిగాని, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అలాంటి ఇంట్లో కోడలు బిందుమాధవికి పన్ను పుచ్చింది. అదీ పై పన్ను, ఎడమవైపు.

బిందుమాధవి బీయస్సీ కెమిస్ట్రీ చదివింది. ఆ చదువు ఇన్నాళ్ళూ, ఇడ్లీ పిండి ఎందుకు పులుస్తుందో తెలిసి మరీ పులియబెట్టడానికి పనికొచ్చింది. పంటిమీద నల్లచుక్క కనిపించిన రోజునే ఆమె డాక్టరు దగ్గరికి వెళ్తానంది.

"చిన్న గుంటే అత్తా. సిమెంటు పెట్టి పంపించేత్తారు."

"పై పన్నా, కింది పన్నా?" అంది కొర్లమ్మ.

"పైదే."

"ఓలమ్మో! ముట్టుకోకు. ఎవుల్నీ ముట్టుకోనీకు. మా పరదేశిని సూసి కూడా బుద్ధి రాకపోతే ఎలగే?"

బిందుమాధవి భర్త వైపు చూసింది. త్రినాధరావు పరవాడ దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తాడు. తను చేతులు పెట్టిన బిళ్ళలు ఓడలెక్కి దేశాలు తిరుగుతాయని గొప్పగా చెప్పుకుంటాడు. ఆ మనిషి "అమ్మ చెప్పేది కూడా ఓసారి ఆలోచించాలి కదా" అన్నాడు. ఆ ఆలోచన మొదలై ఏడాదైంది. ఇంకా సాగుతూనే ఉంది.

ఏడాదిలో చుక్క గుంటైంది, గుంట గొయ్యైంది. ఆ గోతిలోకి పోపులపెట్టెలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే దిగాయి. లవంగం, మిరియం, ఇంగువ, ఆపైన వెల్లుల్లి. కాస్త ఆవాలు కూడా పడితే పోపు పూర్తయ్యేదని బిందుమాధవి అనుకుంది. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంటికొచ్చిన ఆడబిడ్డలా, దేనికి లేస్తుందో తెలియకుండా ఉండేది. చల్లనీళ్ళు తాగితే లేచేది. వేడి టీ తాగితే లేచేది. రెండూ మానేసి ఊరుకుంటే, ఎందుకు ఊరుకుందా అని లేచేది.

అసలైన మందు కొర్లమ్మ దగ్గరుంది. అది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి కాల్చడం. గాలికీ వానకీ చుట్ట ఆరిపోకుండా పొలం పనుల్లో ఆడవాళ్ళు పట్టిన విద్య. పొలం పోయినా విద్య పోలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ పెరట్లో గుమ్మానికి అడ్డంగా కూచుని, నోట్లో నిప్పు పెట్టుకుని, ముక్కులోంచి పొగ వదులుతూ లోకాన్ని చూస్తుంది.

"నాలుగు దమ్ములు లాగవే. లోపలున్న పురుగు సచ్చి ఊరుకుంటాది. నాకు సూడు, ఒక్క పన్నైనా కదిలిందేటి?" అనేది చుట్ట తీసి.

కదిలిందో లేదో ఎవరికీ తెలీదు. కొర్లమ్మ చెంగు అడ్డం పెట్టుకుంటేగాని నవ్వదు. పాతకాలం మనిషి, సిగ్గు కాబోలనుకునేది బిందుమాధవి.

పన్ను సంగతి చివరికి ఓ అమావాస్యనాడు తేలింది. ఆరోజు కొర్లమ్మ బెల్లం గవ్వలు చేసింది. బిందుమాధవి కుడివైపే నములుతున్నానని అనుకుంటూ ఎడమవైపు ఒకటి కొరికింది. గవ్వలో రాయి తగిలినట్టైంది. చేతిలోకి ఉమ్మి చూస్తే అది రాయి కాదు, తన పంటిలో సగం. మిగిలిన సగంలోకి బెల్లం పాకం దిగింది. నొప్పి చెవిలోంచి నడినెత్తికెక్కి, అక్కడ గుడిసె వేసుకుంది. ఆమె నేలమీద కూలబడి, చెంప పట్టుకుని, కాసేపు ఊపిరి కూడా ఆచితూచి పీల్చింది.

"బెల్లం మంచిదే. పిండే కాస్త గట్టిపడినట్టున్నాది" అంది కొర్లమ్మ గవ్వల్ని ఒత్తి చూస్తూ.

ఆ సాయంత్రం త్రినాధరావు డ్యూటీ దిగి రాగానే బిందుమాధవి గుడ్డలో చుట్టిన ముక్క చూపించింది. "రేపు పీకించుకుంటాను."

"అమ్మనడిగేవా?"

"నోరు నాది కదండీ."

"నోరు నీదేలే. రేపు కళ్ళు పోతే చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది నేను కదా?"

"పెళ్ళిపందిట్లో పట్టుకున్నారు, మళ్ళీ పట్టుకున్నది లేదు. కళ్ళు పోతేనన్నా పట్టుకుంటారేమో, అదీ చూద్దాం."

త్రినాధరావు దీని గురించి కూడా ఆలోచించాల్సి ఉంటుందన్నట్టు తలూపాడు.

మర్నాడు బిందుమాధవి వంట ముగించి, ఉతికిన చీర కట్టుకుని, చెప్పుల దగ్గర నిలబడి వేచి చూసింది. గుడికని అబద్ధం చెప్పొచ్చు. టైలరు దగ్గరికనీ చెప్పొచ్చు. కాని ఏడాదిపాటు నొప్పి భరించింది అబద్ధం చెప్పి దొంగలా వెళ్ళడానికి కాదనిపించింది. నిజమే చెప్పాలి. కాకపోతే ఎప్పుడు చెప్పాలో తను చూసుకుంటుంది. పెరట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. చుట్ట అంటుకుంది. నిప్పు లోపలికి తిరిగింది. కొర్లమ్మ పెదాలు బిగిశాయి.

"అత్తా, పన్ను పీకించుకుని వత్తాను. కూర మూకుట్లో ఉంది" అంది బిందుమాధవి.

కొర్లమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ముక్కులోంచి పొగ భళ్ళున వచ్చింది. నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషి కేకెయ్యలేదు. చుట్ట బయటికి తీసి, బూడిద ఉమ్మి, "ఓసే..." అనేసరికి బిందుమాధవి వీధి మలుపులో ఆటో ఎక్కేసింది.

పళ్ళ డాక్టరు రింగ్ రోడ్డులో ఓ మెడికల్ షాపు పైన ఉంటుంది. పేరు లావణ్య. చిన్న వయసే. మేడమెట్ల దగ్గరే బిందుమాధవికి పన్ను నొప్పి ఆగిపోయింది, ఆ మెట్లకి ఆ మహిమ ఉన్నట్టుంది. ఇదీ ఓ నాటకమేనని ఆమె ఆగకుండా ఎక్కింది.

లావణ్య దీపం వేసి చూసి, "అయ్యో, మొదట్లో వచ్చుంటే సిమెంటుతో పోయేదండీ. ఇప్పుడింక నిలబెట్టడానికి ఏం మిగల్లేదు" అంది.

"మా ఇంట్లో పై పళ్ళకి వేరే చట్టం ఉందండి" అంది బిందుమాధవి తెరిచిన నోటితోనే.

"కళ్ళు పోతాయనా? రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. పంటి నరం దారి వేరు, కంటి చూపు నరం దారి వేరు. రెండింటికీ రాకపోకలు లేవు."

"ఈ ముక్క కాగితంమీద రాసిస్తారా?"

"రాసిచ్చినా లాభం లేదండీ. మా అమ్మే నమ్మదు. నా దగ్గర కింది పళ్ళు చూపించుకుని, పై పళ్ళకి నోరు మూసేస్తుంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వులో ఉండగానే సూది దిగింది. చెంప మొద్దుబారి, మొహంలో ఓ పక్క ఎవరిదో అద్దెకి తెచ్చుకున్నట్టైంది. కటకటమంటూ ఎముక కదిలిన చప్పుడు చెవుల్లో వినపడింది. బిందుమాధవి కుర్చీ చేతులు పట్టుకుని ఎదురుగా గోడమీది పోస్టరు చూసింది. తెల్లటి పళ్ళతో ఎవరో పిల్ల నవ్వుతోంది. పోస్టరు అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ముద్రించినవాళ్ళ పేరుంది. ఆమె అది చదివింది. పన్ను ఊడి పళ్ళెంలో టంగుమన్నాక మళ్ళీ చదివింది. అదే పేరు, అవే అక్షరాలు.

"పన్ను ఇచ్చేయండి. ఇంట్లో అడుగుతారు" అంది దూది కరుచుకుని.

ఇంటికొచ్చి, కాగితంలో చుట్టిన పన్ను తీసి కొర్లమ్మ ముందు బల్లమీద పెట్టింది. నల్లగా, వంకరగా, రెండు కాళ్ళమీద నిలబడినట్టుంది. కొర్లమ్మ దాన్ని చూళ్ళేదు. కోడలి కళ్ళవైపు చూసింది.

"నేను కనిపిత్తన్నానేటే?"

దూది నోట్లో ఉండడంచేత బిందుమాధవి తలూపింది.

"రేపు కదా తెలిసేది" అంది కొర్లమ్మ.

రేపటినుంచీ పరీక్షలు మొదలయ్యాయి. త్రినాధరావు గేటు దగ్గర చెప్పులు విప్పకుండానే "క్యాలెండరులో శుక్రవారం తిథేమిటో చదువు" అనేవాడు. కొర్లమ్మ సూదీ దారం చేతికిచ్చి, చీకటి మూల కూచోబెట్టేది. ఓరోజు బియ్యం చేటలో పోసి రాళ్ళేరమంది. సంచుల్లో వచ్చే ఈ కాలపు బియ్యంలో రాళ్ళెక్కడివి? బిందుమాధవి ఓపిగ్గా అన్నీ ఏరి అత్త అరచేతిలో పోసింది.

"అత్తా, ఈ ఎర్రది మన గుమ్మం పక్కన మొక్క తొట్టిలోది. తిరిగి అందులో పడేద్దామా?"

కొర్లమ్మ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, రాళ్ళని కొంగులో మూటకట్టుకుంది.

బిందుమాధవికి లోకం మళ్ళీ రుచిగా ఉంది. కుండలో నీళ్ళు గటగటా తాగింది. వేరుశనగ ఉండ కొరికింది. పన్ను ఉన్నచోట నాలిక పెట్టి ఆ మెత్తటి ఖాళీని తడిమి చూసుకుంటూ, పాట కూడా పాడుకుంది. ఇంకో వారం ఇలాగే కళ్ళు కనిపిస్తే, ఇంట్లో పై పళ్ళ చట్టం దానంతటదే చచ్చిపోతుంది. ఆమెకి కావలసింది అంతే. తను చేసింది పొరపాటని ఎవరూ అనకుండా ఉండడం, ఈ తరవాత ఆ ఇంట్లో ఎవరికి నొప్పొచ్చినా ముందు పరదేశి పేరు వినపడకుండా ఉండడం.

వారం ఇంకా గడవలేదు. ఓ పొద్దున్న ఆమెకి కన్ను తెరుచుకోలేదు. రెప్పలు పుసితో అంటుకుపోయాయి. నీళ్ళు కొట్టి, విడదీసి అద్దంలో చూసుకుంది. కన్ను ఎర్రగా, చింతనిప్పులా ఉంది. అదీ ఎడమ కన్ను. పన్ను పీకించుకున్న వైపే.

ఆ కన్ను కుడివైపుది కాకుండా పోయినందుకు బిందుమాధవి అద్దంముందే దేవుణ్ణి రెండు మాటలంది.

ఊరంతా కళ్ళకలకే. వీధిలో ప్రతి ఇంట్లోనూ నల్లద్దాలే. టిఫిన్ బండివాడు నల్లద్దాలు పెట్టుకుని దోసెలు వేస్తున్నాడు, అట్టు ఎక్కడ మాడుతోందో వాసనబట్టి తిప్పుతున్నాడు. ఇవన్నీ ఆమె చెప్పింది.

"ఆళ్ళది కలక. నీది పన్ను" అంది కొర్లమ్మ. గొంతులో గెలుపు లేదు. నిజంగానే భయం ఉంది. ఆ భయమే బిందుమాధవికి ఎక్కువ చిరాకు తెప్పించింది.

త్రినాధరావు సెలవు పెట్టి ఇంట్లో కూచున్నాడు. "చెప్తే విన్నావు కాదు" అనే మాటని గదినుంచి గదికి మోసుకు తిరిగాడు. మధ్యాహ్నానికి షేర్ ఆటోలో సాక్ష్యం కూడా దిగింది. కబురందగానే పరదేశి, ఎవరో పక్కింటాయన చెయ్యి పట్టుకుని, కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"అమ్మీ, మొదట ఎర్రగానే వత్తాదే. నాకూ అలగే వచ్చింది" అన్నాడు కూచుంటూనే. తరవాత చేత్తో తడుముతూ ఆమె మొహం పట్టుకుని, కంటిచుట్టూ వేళ్ళతో నొక్కి చూశాడు. "వాపు కూడా ఉన్నాది. ఇదే. ఇలగే మొదలు."

"మామయ్యా, నాది కళ్ళకలక. దగ్గరికి రాకండి, మీకూ అంటుకుంటాది."

"నాకింక అంటుకోడానికేటి మిగిల్నాదే?"

కొర్లమ్మ ఆ మాట కూడా వినలేదు. ఆవిడకి తెలిసిన పరీక్ష ఒక్కటే. కోడల్ని గుమ్మం వెలుగులో కూచోబెట్టి, రెండు బొటనవేళ్ళతో రెప్పలు విప్పి, ముక్కు ముక్కుకి తగిలేంత దగ్గరగా వంగి లోపలికి చూసేది. చూసిన వేళ్ళతోనే తన కళ్ళు తుడుచుకునేది. తరవాత త్రినాధరావు చూసేవాడు. ఆయన తరవాత పరదేశి తడిమేవాడు. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి, మధ్యలో అనుమానమొస్తే మరోసారి.

"వేళ్ళు సబ్బుతో కడుక్కోండి" అంది బిందుమాధవి. చెప్పిన ప్రతిసారీ, "సూపు పోతంటే సబ్బేటే?" అన్నారు. ఆమె చెప్పడం మానేసింది. కెమిస్ట్రీ చదివినదానికి అంతకంటే వాదించడం తెలీక కాదు. ముగ్గురు పెద్దమనుషులు అంత పట్టుదలగా వేళ్ళు పెడుతుంటే, రాబోయేదాన్ని ఆపడానికి తనెవరు అనుకుంది.

అలా వంగినప్పుడే ఓసారి కొర్లమ్మ నోరు తెరుచుకుంది. కోడలి కంట్లోకి చూడ్డంలో పడి చెంగు సంగతి మరిచిపోయింది. ఎర్రబడిన కన్నే అయినా బిందుమాధవికి స్పష్టంగా కనిపించింది. పై వరసలో, కుడివైపు, సగం విరిగి బొగ్గులా ఉన్న పన్ను. చిగురు ఉబ్బి ఉంది. చుట్ట ఎప్పుడూ ఎడమ దవడకే ఎందుకుంటుందో, కారప్పూస టీలో నానబెడితేగాని అత్త ఎందుకు తినదో, నవ్వుకి చెంగు ఎందుకో, అన్నీ ఒకేసారి తెలిశాయి.

అత్త ఎన్నాళ్ళబట్టి భరిస్తోందో! ఎవరికీ చెప్పకుండా, తన చట్టానికి తనే లొంగిపోయి, నొప్పిని నిప్పుతో కప్పుకుంటూ.

బిందుమాధవి నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. చెప్తే ఆ క్షణమే గెలిచేది. కాని పన్ను ఎవరిదో కబురు కూడా వాళ్ళదే. తన పన్ను గురించి వాకిట్లో పంచాయితీ పెట్టినందుకే కదా ఏడాదినుంచీ తనకి ఇంత ఒళ్ళుమంట?

తరవాత రెండురోజులకి ఇల్లు ఆలస్యంగా నిద్రలేచింది. ఎందుకంటే ఎవరికీ కళ్ళు తెరుచుకోలేదు.

"ఓలమ్మో, నాకు సీకటైపోనాది!" అని కొర్లమ్మ మంచంమీంచే కేకేసింది.

"అమ్మా, నాకూ!" అన్నాడు త్రినాధరావు అవతలి గదిలోంచి.

"అప్పా, ఏటైందే? నాకు మామూలుగానే ఏటీ కనిపించట్నేదుగాని, మంటగా కూడా ఉన్నాది" అన్నాడు పరదేశి వరండాలోంచి.

బిందుమాధవికి అప్పటికి ఎరుపు విరిగిపోయింది. వేడినీళ్ళు, దూది పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, రెప్పలు తుడిచి, కళ్ళు తెరిపించింది. తెరుచుకున్న ఆరు కళ్ళూ ఎర్రగా ఆమెవైపే చూశాయి. పరదేశివి కాస్త పక్కకి చూశాయి.

"అత్తా, మీరేం పన్ను పీకించుకున్నారు?" అని అడిగింది.

కొర్లమ్మ చెంగుతో నోరు మూసుకుంది.

"ఏవండీ, మీరు?"

త్రినాధరావు నాలికతో తన పై పళ్ళన్నీ ఓసారి తడిమి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

"మరైతే ఇది కలకేనంటావా?" అన్నాడు నీరసంగా.

"ఆలోచించండి" అంది బిందుమాధవి. "మందు తరవాత తెచ్చుకుందాం."

ఆలోచించడానికి ఓపిక లేదన్నాడాయన. అందరూ కలిసి కంటి డాక్టరు దగ్గరికి ఆటో ఎక్కారు. ముగ్గురు నల్లద్దాలవాళ్ళ మధ్య బిందుమాధవి ఒక్కతే బోర్డులన్నీ పైకి చదువుతూ కూచుంది. బెల్లం కొట్లు, ఫోటో స్టూడియో, నిమ్మరసం బండిమీద రాసిన తప్పొప్పుల తెలుగు, ఏదీ వదల్లేదు. కొర్లమ్మకి వినక తప్పలేదు.

డాక్టరు అందరికీ చుక్కలమందు రాశాడు. పరదేశి కంట్లో దీపం వేసినవాడు మాత్రం అక్కడే ఆగిపోయాడు.

"తాతా, ఎన్నాళ్ళైంది ఇలా?"

"పన్ను పీకించుకున్న కాణ్ణించి బాబూ."

"పన్నేమిటి? రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయున్నాయి. వయసుకొచ్చేవే. తీసేస్తే చూపొస్తుంది. ఇన్నాళ్ళు ఎవరికీ చూపించుకోలేదా?"

చూపించుకోవలసింది పన్ను పీకినవాడికి కదా అనుకున్నాడు పరదేశి ఇన్నాళ్ళూ. వాడు ఎప్పుడో పోయాడు. ఇంక ఎవరికి చూపించుకుంటాడు?

కలక తగ్గాక ఆయన కళ్ళకి ఆపరేషన్ అయింది, ముందు ఒకటి, కొన్నాళ్ళాగి రెండోది. ఈ మధ్య రోజుల్లో ఇంట్లో పళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. కొర్లమ్మ "కళ్ళ సంగతేమోగాని, పై పన్ను పై పన్నే" అని ఒకటి రెండుసార్లు గొణిగింది. దానికి ఇదివరకటి బలం లేదు. చుట్టలు మాత్రం రెట్టింపయ్యాయి. బిందుమాధవి చూసింది. అన్నం కాస్త మెత్తగా వండడం మొదలుపెట్టింది.

ఓ ఆదివారం పరదేశి వచ్చాడు. కర్ర లేదు. పక్కన ఎవరూ లేరు. షేర్ ఆటోలో ఒక్కడే వచ్చి, ఇంటి నెంబరు తనే చదువుకుని, గేటు తనే తీశాడు. నల్లద్దాలు నుదుటిమీదికి తోసి, సంతలో దూడల్ని చూసినట్టు అందర్నీ ఒక్కొక్కర్నీ చూశాడు.

"ఒరే తినాదా, ఆ పొట్టేట్రా? ఎప్పుడు పెంచేవు?"

"మావా, నువ్వు చూళ్ళేదు కదాని..."

"సూడనప్పుడు పెంచుకుంతే సరిపోద్దేటి? అమ్మీ, నువ్వు బాగున్నావే. ఆ గోడమీద బూజు దులపరేటి? ఓలప్పా, నీ జుట్టంతా తెల్లబడిపోనాదేటే? నాకు పెద్దదానివని సెప్పుకుంతే నిజమేననుకోనేదు!"

కొర్లమ్మ నవ్వింది. ఎన్నో ఏళ్ళ తరవాత తమ్ముడు తన జుట్టు రంగు చెప్పాడు. సంతోషంలో చెంగు సంగతి మరిచిపోయి, నోరారా నవ్వింది.

పరదేశి ఓ అడుగు ముందుకేసి, మెడ చాచాడు.

"అప్పా, ఆ పన్నేటే? బొగ్గుముక్కలాగున్నాది!"

నవ్వు ఆగిపోయింది.

"పై పన్నే!" అన్నాడు పరదేశి ఇంకా పరకాయించి చూస్తూ. కొత్త చూపు కదా, దాన్ని ఎక్కడాపాలో ఆయనకింకా అలవాటు కాలేదు. "పుచ్చి సగం ఇరిగిపోనాది. నొప్పి నేదేటే?"

త్రినాధరావు తల్లిని చూశాడు. "అమ్మా? ఎప్పట్నించి? చెప్పలేదేటి? చూపించు..." అంటూ లేచి, వంగబోయాడు.

కొర్లమ్మ చెంగుతో నోరు మూసుకుని, చేత్తో కొడుకుని తోసేసింది.

"ఎవుల్రా మీరందరూ సూడ్డానికి? నా నోరు, నా పన్ను. ఉంచుకుంతే ఉంచుకుంతాను, పీకించుకుంతే పీకించుకుంతాను. మజ్జిలో మీ పంచాయితీ ఏటి?"

వంటింటి గుమ్మంలో టీ గ్లాసుల పళ్ళెంతో బిందుమాధవి నిలబడి ఉంది. పళ్ళెం బల్లమీద పెట్టింది.

"అదే కదత్తా నేనూ ఏడాదిబట్టీ అంటన్నది" అంది.

పరదేశి టీ గ్లాసు అందుకుని, అందులో తేలుతున్న మీగడని చూసి, "మీగడ కూడా కనిపిత్తన్నాదే" అన్నాడు తనలో తనే.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కొర్లమ్మ పెరట్లో కూచుంది. చుట్ట వెలిగించలేదు. వేళ్ళమధ్య అటూ ఇటూ దొర్లిస్తోంది. బిందుమాధవి గిన్నెలు తోముతోంది.

"అమ్మీ, ఆ పళ్ళ డాక్టరు పిల్ల ఈయేళ ఉంటాదేటి?"

"ఉంటాది."

"బాగా నొప్పెడతాదా?"

"సూదప్పుడు సురుక్కుమంటాది. తరవాత చెంప ఎక్కడుందో వెతుక్కోవాలి. మూడుపూటలు మెత్తటి అన్నం. చుట్ట మాత్రం కొన్నాళ్ళు మానెయ్యాలత్తా. ఆవిడ నోరంతా దీపం వేసి చూస్తాది. ఆ నిప్పుకి అంగిలి ఎలాగైందో కూడా చూస్తాది."

"సూడమను. తిట్టొద్దని మాత్రం ముందే సెప్పు." కొర్లమ్మ చుట్టని రొంటిన దోపుకుని, మళ్ళీ తీసి, గోడ కన్నంలో పెట్టేసింది. "నీ మొగుడికి సెప్పకు. ఆలోసిత్తానంటాడు."

బిందుమాధవి చేతులు తుడుచుకుంది. కొర్లమ్మ లోపలికెళ్ళి, పెళ్ళిళ్ళకి కట్టే జరీ అంచు చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని వచ్చింది. పన్ను పీకించుకోడానికి అంత ముస్తాబెందుకని కోడలు అడగలేదు. వీధి గుమ్మం దిగేసరికి ఎదురుగా త్రినాధరావు, పొద్దున్న డ్యూటీ ముగించుకుని, కంపెనీ బస్సు దిగి వస్తున్నాడు.

"ఎక్కడికమ్మా ఇద్దరూ?"

కొర్లమ్మ ఆగలేదు. తల కూడా తిప్పలేదు. ఆటోవైపు చెయ్యెత్తుతూ అంది.

"కూర మూకుట్లో ఉన్నాదిరా."